ఆర్గానిక్ షాంపూ: పేరు చూసి కొనవచ్చునా?

నిత్యం తలస్నానానికి ఆర్గానిక్ షాంపూ వాడవచ్చునా అని ఈ మధ్య నన్ను అడిగే గృహిణుల సంఖ్య పెరిగింది. కొత్తపట్నం వంటి సముద్రతీర గ్రామంలో ఒకప్పుడు ఈ ప్రశ్న వినిపించేది కాదు. ఇప్పుడు ఒంగోలు దుకాణాల్లో అరలకు అరలే ఈ సీసాలతో నిండి ఉన్నాయి. ఒంగోలు వెళ్ళలేని వారికి పార్సెలు ఇంటికే వస్తున్నది. వాడి చూడకుండా మంచిదనో చెడ్డదనో తేల్చివేయడం వైద్యునికి తగదు గనుక, మూడు రకాల సీసాలు తెప్పించి, నెలకొకటి చొప్పున మా ఇంటిల్లపాదీ వాడి చూశాము. నా తలమీద మిగిలిన జుట్టు పరీక్షకు చాలదని ఇంట్లో వారు పరిహసించారు గాని, మాడు నాకూ ఉన్నది కదా!

మొదటి సీసా ముందువైపు ఉసిరి, గుంటగలగర, కలబంద బొమ్మలు కన్నులపండువుగా ఉన్నాయి. వెనుకవైపు భూతద్దం పెట్టి చదివితే మొదటి పేరు నీరు, రెండవ పేరు సోడియం లారెత్ సల్ఫేట్. ఎక్కువ పాళ్ళలో ఉన్న పదార్థాన్ని ముందు, తక్కువగా ఉన్నదానిని తరువాత ముద్రించాలన్నది నియమం. మూలికల పేర్లు ఉప్పుకు, సువాసన ద్రవ్యానికి కూడ వెనుక, పంక్తి చివర ఒదిగి ఉన్నాయి. అంటే అది మామూలు షాంపూయే. తల శుభ్రపడలేదని అనను; చక్కగానే శుభ్రపడింది. అయితే ఆ పాటి పనికి అంత వెల ఎందుకు?

రెండవ సీసాలో అటువంటి మాయ లేదు. కొబ్బరినూనెను, ఆముదాన్ని క్షారంతో కలిపి తయారుచేసినది. మన భాషలో చెప్పాలంటే నీళ్ళగా ఉన్న సబ్బు. ఇక్కడ మా ఊరి నీటి సంగతి చెప్పక తప్పదు. ఈ ఇసుక నేలల్లో పైపైన తవ్విన దొరువుల్లో నీరు తియ్యగా ఉంటుంది; లోతుకు దించిన బోర్లలో చాలచోట్ల ఉప్పు తగులుతుంది. స్నానాల గదిలోకి వచ్చేది ఎక్కువగా ఈ బోరునీరే. కఠినమైన నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసినప్పుడు నీటిలో కరగని తెల్లని తరక పుడుతుంది. అది వెంట్రుకలను అంటుకుని ఎంత కడిగినా వదలదు. రెండు వారాలు తిరగకుండానే మా ఇంట్లో ఆడవారి జుట్టు బంకబంకగా తయారై దువ్వెన దిగడమే కష్టమైంది. పైగా సబ్బుది క్షారగుణం, మాడు చర్మానిది స్వల్పమైన ఆమ్లగుణం. రెంటికీ పొత్తు కుదరక జుట్టు గరుకెక్కుతుంది. ఇదే సీసా చప్పనీరు దొరికే ఊళ్ళో ఇంత ఇబ్బంది పెట్టకపోవచ్చు.

కొనేముందు దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. మీ కుళాయి నీరు సగం సీసాకు పోసి, షాంపూ నాలుగు చుక్కలు వేసి గట్టిగా కుదపండి. నురగ నిలిచి అడుగు నీరు తేటగా ఉంటే సరే. విరిగిన పాలవలె తరకలు తేలితే ఆ షాంపూ మీ నీటికి పనికిరాదు. పొరుగింట్లో ఎవరైనా కొని ఉంటే నాలుగు చుక్కలు అడిగి తెచ్చుకోవడంలో తప్పులేదు.

మూడవదానిలో డెసైల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్ అనేవి ఉన్నాయి. కొబ్బరినూనె, మొక్కజొన్న వంటి వాటినుండి కర్మాగారంలో తయారయ్యే శుద్ధిద్రవ్యాలివి. నురగ తక్కువ, గుణం మృదువు. మూడింటిలో ఇదే నాకు నచ్చింది. అయినా ఇంట్లో ఒకరికి చెవుల వెనుక దురద పుట్టి, మానగానే తగ్గింది. ఈ గ్లూకోసైడ్ల జాతినే అమెరికాలోని చర్మవైద్యుల సంఘం ఒకటి 2017లో ఆ సంవత్సరపు ముఖ్యమైన ఎలర్జీ కారకంగా ప్రకటించింది. చెట్టునుండి వచ్చినదల్లా అందరికీ పడుతుందని అనుకోరాదు. జీడిపిక్క రసం కూడ చెట్టుదే!

ఇంతకూ ఆ మాటకు అర్థమేమిటి? ఆర్గానిక్ అన్నది పంట ఎట్లా పండిందో చెప్పే మాట. మాడుమీద అది ఏమి చేస్తుందో చెప్పే మాట కాదు. ఐరోపాలో కాస్మోస్ అనే ప్రమాణం ఉన్నది. దాని ప్రకారం, కడిగివేసే షాంపూ వంటి వస్తువులో మొత్తం మీద నూటికి 10 పాళ్ళు సేంద్రియ పదార్థం ఉన్నా ఆర్గానిక్ ముద్ర వేసుకోవచ్చు. షాంపూలో ఎక్కువ భాగం నీరే గనుక ఆ లెక్కను తప్పుపట్టలేము గాని, కొనేవారికి ఈ సంగతి తెలిసి ఉండాలి. మన దేశంలో ఆహారపదార్థాలకు 2017 నుండి జైవిక్ భారత్ ముద్ర ఉన్నది. అది షాంపూలకు వర్తించదు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీచేస్తూ, ఆర్గానిక్, నేచురల్ వంటి మాటలను సరియైన వివరణ, ఆధారం లేకుండా ప్రకటనల్లో వాడరాదన్నది. ఆ వివరణ సీసామీద ఉన్నదో లేదో వెతకడం మన వంతు.

కుంకుళ్ళు ఉండగా ఈ సీసాల గొడవ ఎందుకని కొందరు పెద్దలు అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. గురుకులంలో కుంకుళ్ళు కొట్టడం మా పిల్లల పనే. ఆ రసం కళ్ళలో పడితే పుట్టే మంట నాకింకా జ్ఞాపకమున్నది. కుంకుడు జిడ్డును గట్టిగా లాగివేస్తుంది. అందుకే మన పెద్దలు ముందు నూనె పట్టించి, మర్దనచేసి, ఆ తరువాతనే కుంకుడురసం పోశారు. ఈ జంటను విడదీసి, పొడితలకు వారానికి నాలుగుసార్లు కుంకుడు రుద్దితే జుట్టు కొబ్బరిపీచు అవుతుంది. తప్పు కుంకుడుది కాదు. విచిత్రమేమిటంటే షాంపూ అన్న మాటే మన దేశంనుండి వెళ్ళింది. ఒత్తడం, మర్దించడం అనే అర్థమిచ్చే హిందీ ధాతువు దానికి మూలం. 1759లో పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో స్నానశాల నడిపి, 1822లో ఆ పేరుతోనే గ్రంథం ప్రకటించాడు. ఆయన షాంపూ అన్నది మర్దనను!

నూనె విలువ మా ప్రాంతపు మిరప కల్లాల్లో పనిచేసే స్త్రీలకు చెప్పనక్కరలేదు. మిరపఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. తలకెక్కిన మిరపధూళికి ఎంత నీరు పోసినా మంట చల్లారదు. కొబ్బరినూనె పట్టించి పావుగంట ఆగి, పిమ్మట కుంకుడుతోనో షాంపూతోనో కడిగితే పోతుంది. అయితే అన్ని తలలకూ నూనె మంచిది కాదు. జిడ్డుతో కూడిన పసుపుపచ్చని చుండ్రు ఉన్నవారికి నూనె పట్టించి రాత్రంతా ఉంచితే, చుండ్రుకు కారణమైన శిలీంధ్రానికి మనమే మేత వేసినట్లవుతుంది.

నిత్యం తలస్నానం విషయంలో నా అభిప్రాయం ఇది. వారానికి రెండు పర్యాయాలు చాలు. చెమట, దుమ్ము తప్పనివారు మిగతా రోజుల్లో ఒట్టి నీటితో తడుపుకొని ఆరబెట్టుకోవచ్చు. నీరు గోరువెచ్చన దాటరాదు. తలపై వేడినీరు కేశాలకు, కన్నులకు చెరుపని వాగ్భటుడు అంటాడు.

ఇక జుట్టు రాలుతున్నదని సీసాలు మార్చేవారు. మన రాష్ట్రంలో సగం కంటె ఎక్కువమంది స్త్రీలకు రక్తహీనత ఉన్నది. కళాశాలకు వెళ్ళే అమ్మాయి దువ్వినప్పుడల్లా గుప్పెడు జుట్టు ఊడుతుంటే, తల్లి ఆర్గానిక్ షాంపూ కొనిపెట్టి నాలుగు నెలలు ఎదురుచూసి అప్పుడు నా దగ్గరకు తెస్తున్నది. కనురెప్ప దించి చూస్తే లోపల పాలిపోయి ఉంటుంది. షాంపూ వెంట్రుకను కడుగుతుంది, అంతవరకే. అటువంటి పిల్లను నేను మొదట రక్తపరీక్షకు, థైరాయిడ్ పరీక్షకు పంపుతాను. చిన్నపిల్లల తలపై రూపాయి బిళ్ళంత మేర జుట్టు విరిగి పొలుసులు కనిపిస్తే అది తామర కావచ్చు. దానికి నా తైలాలు కూడ చాలవు. కడుపులోకి మందు కావాలి. ఆలస్యం చేయక చర్మవైద్యునికి చూపించండి.