జట్టు నలుగురిది... పని ఒక్కరిది!

ఇంజినీరింగ్‌ ప్రాజెక్టుల్లో కొరవడిన ఉమ్మడి కృషి
రికార్డుకే మార్కులు... పనితీరుకు లేని లెక్క

కాకినాడ, విద్యావిభాగం: చివరి సెమిస్టరు ముగింపునకు వచ్చేసరికి ఇంజినీరింగ్‌ కళాశాలల చుట్టుపక్కల జిరాక్స్‌, బైండింగ్‌ దుకాణాల వద్ద రద్దీ మొదలవుతుంది. గట్టి అట్ట, దానిపై బంగారు రంగు అక్షరాలు, లోపల ధ్రువపత్రం, కృతజ్ఞతలు, పటాలు... ప్రాజెక్టు రికార్డుకు కావాల్సిన లాంఛనాలన్నీ ఉంటాయి. ముఖపత్రంపై నలుగురి పేర్లు, హాల్‌టికెట్‌ నంబర్లు వరుసగా కనిపిస్తాయి. ఆ నలుగురిలో ప్రోగ్రాం రాసింది ఎవరన్నది మాత్రం రికార్డులో ఏ పుట తిరగేసినా తెలియదు. తరచూ అది ఒక్కరే. ఒక్కోసారి ఆ ఒక్కరూ ఉండరు. హైదరాబాద్‌ అమీర్‌పేటలో సిద్ధంగా దొరికే ప్రాజెక్టులు జిల్లా కళాశాలల దాకా రావడం ఏళ్లుగా అందరికీ తెలిసిన రహస్యమే.

ప్రాజెక్టులు కొనడంపై చర్చ ఎప్పటినుంచో ఉంది. అంతకంటే తక్కువగా చర్చకు వచ్చేది, నిజాయతీగా సొంతంగా చేసిన జట్లలోనూ పని పంచుకోవడం జరగకపోవడం. సాఫ్ట్‌వేర్‌ ఇంజినీరింగ్‌ బోధనలో అసలు లోటు ఇదే.

ఈ శాస్త్రం పుట్టిందే ఆ సమస్య నుంచి. పెద్ద ప్రోగ్రాములు గడువు దాటుతున్నాయని, ఖర్చు మించుతున్నాయని, అయినా తప్పుల తడకలుగా వస్తున్నాయని 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఏర్పాటు చేసిన సదస్సులో నిపుణులు తలలు పట్టుకున్నారు. ‘సాఫ్ట్‌వేర్‌ ఇంజినీరింగ్‌’ అనే మాటకు ఆ సదస్సుతోనే ప్రాచుర్యం వచ్చింది. ఐబీఎంలో ఓఎస్‌/360 నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెడరిక్‌ బ్రూక్స్‌ 1975లో వెలువరించిన ‘ది మిథికల్‌ మ్యాన్‌ మంత్‌’ గ్రంథంలో దీని మూలాన్ని పట్టుకున్నారు. ఆలస్యమైన పనికి అదనంగా మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందన్నది ఆయన సిద్ధాంతం. కారణం లెక్కలోనే ఉంది. నలుగురు కలిసి పనిచేస్తే వారి మధ్య ఆరు జతల సంభాషణ అవసరం. ఎనిమిది మంది అయితే 28 జతలు. మనుషులు రెట్టింపయితే మాట్లాడుకోవాల్సింది నాలుగు రెట్లు దాటుతుంది. ఈ భారాన్ని తగ్గించుకోవడమే ఈ వృత్తిలో ప్రధాన నైపుణ్యం.

మన విద్యార్థి ఈ సిద్ధాంతాన్ని ఎలా చదువుతున్నాడు? పది మార్కుల ప్రశ్నగా చదువుతున్నాడు. వాటర్‌ఫాల్‌ నమూనా, స్పైరల్‌ నమూనా పటాలు గీసి పరీక్ష గట్టెక్కుతాడు. సాఫ్ట్‌వేర్‌ ఇంజినీరింగ్‌ పేపరు సాధారణంగా రెండో లేదా మూడో ఏడాదిలో ముగుస్తుంది. ప్రధాన ప్రాజెక్టు నాలుగో ఏడాదిలో మొదలవుతుంది. అప్పటికి పటాలు మరుగున పడతాయి, ప్రాంగణ నియామకాల హడావుడి ముంచుకొస్తుంది. సిద్ధాంతానికి, సాధనకు మధ్య ఇంత ఎడం పెట్టి రెండూ అతుక్కోవాలని ఆశించడం విడ్డూరమే.

తెలివైన విద్యార్థికీ నష్టమే

మార్కులు వేసే తీరు దీనికి ఆజ్యం పోస్తోంది. వైవా నాడు బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌ ఒకే పూటలో అనేక బ్యాచ్‌లను చూడాలి. తెరపై ప్రోగ్రాం నడిచిందా, రికార్డు ఉందా, నాలుగు ప్రశ్నలకు జవాబు వచ్చిందా అన్నంతవరకే సమయం సరిపోతుంది. నలుగురికీ దాదాపు ఒకే మార్కులు పడతాయి. ఈ ఏర్పాటులో చురుకైన విద్యార్థి ఒక పాఠం నేర్చుకుంటాడు: తోటివారికి పని అప్పగిస్తే తన మార్కులకే ముప్పు కాబట్టి మొత్తం తానే చేసుకోవాలి. వెనుకబడిన విద్యార్థి మరో పాఠం నేర్చుకుంటాడు: ఊరుకున్నా నడుస్తుంది. రేపు ఉద్యోగంలో ఇద్దరికీ ఈ పాఠాలు ఎదురుతిరుగుతాయి. మొదటివాడు ఇతరులు రాసిన ప్రోగ్రాం చదవలేడు, రెండోవాడు ఏదీ రాయలేడు.

విద్యార్థినుల విషయంలో ఇది మరింత బాధాకరం. జట్టు రాత్రిళ్లు కూర్చునేది బాలుర హాస్టల్‌ గదిలోనైతే, సాయంత్రానికే గేట్లు మూసే బాలికల హాస్టల్‌లోని సభ్యురాలికి మిగిలేది రికార్డు రాయడం, స్లైడ్లు తయారుచేయడమే. ఆమె దస్తూరి బాగుంటుందన్న పొగడ్త అదనం. పనిని పగటి వేళ ల్యాబ్‌ గంటల్లోకి తెస్తే తీరే సమస్య ఇది. ల్యాబ్‌ గంటలేమో రికార్డు సంతకాలకే చాలడం లేదు.

జట్టులో పనిచేయగలగడం పట్టభద్రుడికి ఉండాల్సిన లక్షణాల్లో ఒకటని జాతీయ గుర్తింపు మండలి, ఎన్‌బీఏ, తన ప్రమాణాల్లో స్పష్టంగా చేర్చింది. ఆ మండలి ద్వారా భారత్‌ 2014లో వాషింగ్టన్‌ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. తనిఖీ బృందాలకు చూపేందుకు కళాశాలలు ఈ లక్షణానికి ఎదురుగా అంకెలు నింపుతున్నాయి. పట్టికలు నిండుగానే ఉన్నాయి.

మెస్‌ లెక్కలే పాఠ్యాంశమైతే...

గ్రంథాలయ నిర్వహణ, రక్తనిధి, ఆన్‌లైన్‌ టికెట్లు... ఏళ్లుగా తిరిగే ఈ అంశాల్లో లోపం ఒక్కటే. అడిగేవాడు లేడు, వాడేవాడు లేడు. దానికి బదులు కళాశాల హాస్టల్‌ మెస్‌ లెక్కలు తీసుకున్నారనుకుందాం. మొదటి రోజు పని తేలికగా తోస్తుంది: ఎవరు ఎన్ని పూటలు తిన్నారో కూడి బిల్లు వేయడమే కదా! మెస్‌ మేనేజరును కలిసి మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది. సెలవు చీటీ ముందురోజు ఇస్తే కోత ఉంటుంది, అదే రోజు ఇస్తే ఉండదు. ఆదివారం మాంసాహారానికి వేరే కూపను. అతిథి వస్తే ఎవరి ఖాతాలో రాయాలి? పండుగకు ఊరెళ్లి రెండు రోజులు ఆలస్యంగా వచ్చినవారి సంగతేమిటి? మేనేజరు ఒకటి చెబుతారు, వార్డెన్‌ మరొకటి చెబుతారు, నోటీసుబోర్డుపై మూడోది ఉంటుంది. ఈ మూడింటినీ కాగితంపై పెట్టి ఒప్పించుకోవడమే రిక్వైర్‌మెంట్స్‌ సేకరణ. పుస్తకంలో ఒక అధ్యాయంగా ఉన్నది అప్పుడు అనుభవంలోకి వస్తుంది.

అంతటితో ఆగదు. నలుగురూ పని పంచుకున్నాక ఒకరు తేదీని ఒక రూపంలో, మరొకరు ఇంకో రూపంలో నిల్వ చేస్తే, కలిపిన రోజున బిల్లులన్నీ తారుమారవుతాయి. ఈ దెబ్బ సెమిస్టరు చివరి రాత్రి కాక మూడో వారంలోనే తగలాలి. అందుకే వారం వారం భాగాలను కలిపి నడిపించి చూపాలన్న నిబంధన అవసరం. నిర్మించినదాన్ని మరుసటి ఏడాది జూనియర్లకు అప్పగించి, దాన్నే సరిదిద్ది పెంచమంటే ఇంకా మేలు. సాఫ్ట్‌వేర్‌పై అయ్యే ఖర్చులో పెద్ద వాటా నిర్వహణదే. మన ప్రాజెక్టులు మాత్రం వైవా నాటి సాయంత్రమే కన్నుమూస్తున్నాయి.

ఎవరు ఎంత చేశారన్నది తేల్చడం ఒకప్పుడు కష్టమే. 2005లో లైనస్‌ టోర్వాల్డ్స్‌ రూపొందించిన ‘గిట్‌’ వంటి ఉచిత సాధనాలు ఏ మార్పును ఏ పేరుతో, ఏ తేదీన చేర్చారో భద్రపరుస్తాయి. గైడ్‌ ఆ చరిత్ర తెరిచి చూస్తే చివరి మూడు రోజుల్లో ఒకే పేరుతో వచ్చిపడిన ప్రోగ్రాం వెంటనే కనిపిస్తుంది. వరుసలు లెక్కపెట్టి మార్కులు వేస్తే మాత్రం మరో మోసానికి తలుపు తీసినట్లే. పది వరుసలతో చిక్కు విప్పినవారు, తప్పులు వెతికి పెట్టినవారు నష్టపోతారు. సభ్యులు ఒకరి పనికి ఒకరు రహస్యంగా మార్కులు వేసే పద్ధతి విదేశీ విశ్వవిద్యాలయాల్లో ఉంది. స్నేహాలు, ఊళ్లు, కులాలు అడ్డొచ్చే చోట దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవడం ప్రమాదకరం. గిట్‌ చరిత్ర, తోటివారి అభిప్రాయం, గైడ్‌ ముఖాముఖి... మూడూ కలిస్తేనే న్యాయం దరిదాపులకు వస్తుంది.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ప్రోగ్రాం రాయించుకోవడం ఇంకా తేలికైంది. కొనుగోలు ఖర్చూ తప్పింది. దీంతో పూర్తయిన ప్రోగ్రాంను చూసి విద్యార్థిని అంచనా వేయడం దాదాపు అర్థం కోల్పోయింది. ఎగ్జామినర్‌ ఎదుటే ‘సెలవు కోత నియమం మారింది, సరిచేయండి’ అని అడిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది. అదీ ఆ భాగం రాయని సభ్యుణ్ని అడగాలి.

వీటన్నిటికీ సమయం ఎక్కడిదన్న అధ్యాపకుల ప్రశ్న తోసిపుచ్చదగింది కాదు. 60 మంది సెక్షన్‌లో నలుగురేసి చొప్పున 15 బ్యాచ్‌లు. వారానికి ఒక్కో బ్యాచ్‌కు 20 నిమిషాలు కేటాయించినా అయిదు గంటలు. మంచి పనితీరున్న సంస్థలకు సీట్ల గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి సడలించింది. కంప్యూటర్‌ సైన్స్‌ సెక్షన్లు పెరిగేకొద్దీ ఈ గంటలూ పెరుగుతాయి. వీటిని అధ్యాపకుడి పనిభారంలో బోధన గంటలుగానే లెక్కించాలి. తరగతి అయ్యాక తీరిక వేళ చేసే సాయంగా చూసినంతకాలం రివ్యూలు సంతకాలకే పరిమితమవుతాయి.

స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలకు బోర్డ్‌ ఆఫ్‌ స్టడీస్‌, అకడమిక్‌ కౌన్సిళ్ల ఆమోదంతో మూల్యాంకన విధానాన్ని తామే మార్చుకునే వెసులుబాటు ఉంది. అనుబంధ కళాశాలలు విశ్వవిద్యాలయ నిబంధనలు మారేవరకు ఆగాలి. కొత్త నిబంధనలు సాధారణంగా ఆ ఏడాది చేరిన విద్యార్థులతో మొదలవుతాయి కాబట్టి నాలుగో ఏడాది ప్రాజెక్టు దాకా రావడానికి మూడేళ్లు దాటుతుంది. ఈలోగా అంతర్గత మార్కులు కళాశాల చేతిలోనే ఉన్నాయి. వారం వారం రివ్యూ, గిట్‌ చరిత్ర పరిశీలన వాటిలో చేర్చడానికి విభాగాధిపతి నిర్ణయం చాలు.