పెరటి రైలుకి ఏ స్కేలు?

విదేశాల్లో స్థిరపడ్డ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక వయసొచ్చాక పట్టుకునే పిచ్చుల్లో మోడల్ రైళ్ళు ఒకటి. (బొమ్మ రైళ్ళంటే అభిమానులకి కోపం వస్తుంది.) అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ హెచ్‌ఓ స్కేలు హాయిగా సరిపోతుంది. అసలు బండిలో 87వ వంతు కాబట్టి భోజనాల బల్ల మీదే స్టేషనూ ఊరూ పట్టేస్తాయి. సొంతిల్లు కొని, వెనకాల కాస్త పెరడు కనబడ్డాకే చిక్కంతా. ఉన్న సరంజామానే బయట పరిచేద్దామనిపిస్తుంది. వద్దంటాను. పెరట్లోకి దిగాలంటే పెద్ద స్కేలుకి మారాల్సిందే.

హెచ్‌ఓలో పట్టా ఎత్తు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. నేనుండే క్లేటన్‌లో ఒక్క యూకలిప్టస్ ఆకు అడ్డం పడితే దానికది కొండచరియ విరిగిపడ్డట్టే. పెరటి రైళ్ళకి వాడే జి స్కేలులో పట్టా ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు ఎత్తుంటుంది, ఇంజను బరువూ ఎక్కువ. ఆకుల్ని తొక్కుకుంటూ పోతుంది. ఇక ఎండ. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు నమోదైంది. పది మీటర్ల ఇత్తడి పట్టా 40 డిగ్రీల తేడాకి ఏడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. అతుకుల దగ్గర సందు వదలకపోతే లైను పాములా మెలికలు తిరుగుతుంది.

మనవాళ్ళకి ప్రాణమైన డిసిసి సంగతి కూడా చెప్పాలి. పట్టాలగుండానే కరెంటూ, ఆజ్ఞల ప్యాకెట్లూ కలిసి వెళ్ళే పద్ధతి అది. గదిలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బయట మట్టి, తుప్పు, నత్తల జిగురు. ప్యాకెట్లు దారిలోనే రాలిపోతాయి. జి స్కేలు ఇంజనులో బ్యాటరీ, రేడియో రిసీవరు పెట్టేంత చోటుంది. నా ఓటు దానికే. ప్రతి వారాంతం పట్టాలు తుడుస్తూ కూర్చోడానికా ఇల్లు కొన్నది?

అసలు విషయం మాత్రం గేజిది. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓలో అది 19 మిల్లీమీటర్ల పైన రావాలి. కానీ దొరికే పట్టా 16.5. అంటే ఎంత ముచ్చటగా రంగులేసినా మన బ్రాడ్‌గేజి బండి కాళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తున్నట్టే ఉంటుంది. జి స్కేలు పట్టా వెడల్పు 45 మిల్లీమీటర్లు. మీటరుని 22.5తో భాగించి చూడండి: 44.4! ఇది కాకతాళీయం కాదు. 1968లో జర్మనీ నుంచి ఎల్‌జిబి ఈ బళ్ళని తెచ్చినప్పుడు మీటర్‌గేజినే మనసులో పెట్టుకుంది.

మీటర్‌గేజి అంటే మనకి గుంటూరు-గుంతకల్లు లైను, ధర్మవరం-పాకాల లైను, సికింద్రాబాదు నుంచి మన్మాడ్ దాకా పోయిన నిజాం నాటి లైను. 1992లో యూనిగేజి పథకం మొదలయ్యాక దేశమంతటా మీటర్‌గేజి లైన్లు బ్రాడ్‌గేజిలోకి మారుతూ వచ్చాయి, ఇవీ మారాయి. మారడం మంచిదే, గుంతకల్లులో సామాన్లు దించి ఇంకో బండెక్కిన వాళ్ళెవరూ కాదనరు. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలకి రైలంటే, 2018 నుంచి క్లేటన్‌లో వంతెన మీద వెళ్ళే కరెంటు బండే. వాళ్ళకి వై.పి. ఇంజనుని సరైన కొలతల్లో చూపించగల చోటు మన పెరడే.

అడ్డంకి లేకపోలేదు. మీటర్‌గేజి ప్యాసింజరు పెట్టె పొడవు సుమారు 19.5 మీటర్లు, ఈ స్కేలులో 87 సెంటీమీటర్లు. ఎల్‌జిబి అతి చిన్న వంపు వ్యాసార్ధం 60 సెంటీమీటర్లే, అందులో ఆ పెట్టె తిరగదు. పెట్టె పొడవుకి మూడింతల వ్యాసార్ధం ఉంటే చూడ్డానికి బాగుంటుందంటారు; అంటే అయిదు మీటర్ల పైన వెడల్పు కావాలి. స్థలాలు ముక్కలు చేసి యూనిట్లు కట్టిన క్లేటన్‌లో అంత పెరడు అందరికీ ఎక్కడిది? అందుకే గూడ్సు బండితో మొదలుపెట్టమంటాను. నాలుగు చక్రాల వ్యాగన్లు పొట్టివి. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి స్విస్, జర్మన్ బళ్ళు. వాటి చక్రాల చట్రం ఉంచుకుని పై పెట్టె ప్లాస్టిక్ షీటుతో మనమే కోసుకోవచ్చు. గార్డు పెట్టె ముందు చెయ్యండి, అది అన్నిటికన్నా తేలిక.