మారిషసునకు బోవు గురువమ్మ

మా వీథిలోని యొక ఉపాధ్యాయిని వేసవి సెలవులలో మారిషసునకు బోయి, వేతనము గొనక, అచటి తెలుగువారి పిల్లలకు మన భాష నేర్పదలచినది. శని ఆదివారములందు ద్వీపమంతయు జూడవలెనని యామె ముచ్చట. "చదువు చెప్పుటకా, షికారునకా?" యని ఒంగోలు పేరంటములలో గుసగుసలు బయలుదేరినవి. నాకీ మాట రుచింపలేదు.

సోదరీమణులారా, ఆ పిల్లలెవరు? 1834 మొదలు చెఱకుతోటలకు గూలికి బోయినవారి సంతతి. వారి పెద్దలలో ననేకులు మన కోరంగి రేవున నోడ యెక్కినవారే. ఉగాది యచట ప్రభుత్వపు సెలవు. ప్రాథమిక పాఠశాలలలో తెలుగు పాఠమును గలదు. ఇండ్లలో వినవచ్చునది మాత్రము క్రియోలు.

కావున మన గురువమ్మ ఓనమాలారంభించి, నెల తిరుగగనే వెడలివచ్చుట పనికిరాదు. ఏడాది పొడుగున నచటనే యుండు ఉపాధ్యాయునికి దోడుగా నుండి, పిల్లలచే మాటలాడించుట మేలు. వారి యుచ్చారణకు నవ్వరాదు. మన పిల్లలు మాత్రమేమంత చక్కగా బలుకుచున్నారు?

ఇక షికారు. పోర్టులూయీలో ఆప్రవాసి ఘాటు గలదు. కూలీలు ఓడ దిగి మెట్లెక్కిన తావది. 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. అది చూడని గురువునకు ఆ పిల్లల కథ యెట్లు తెలియును? ఎటు పోవలెనో, బస్సెచట నెక్కవలెనో పిల్లలనే తెలుగున జెప్పుమనవలెను. తప్పులు దొర్లనిండు. త్రోవ చెప్పిన బిడ్డకు తన తెలుగు పనికివచ్చినదని తెలియును.

వేతనము లేని పనికిని అనుమతి కావలసియుండవచ్చును. టిక్కెట్టు కొనకముందే విచారింపుమంటిని. మనకెండలు మండునపుడు వారికి చలికాలము వచ్చును గనుక, ఉన్నిశాలువ యొకటి నేనే యిచ్చితిని.