గీత కార్మికుడికి కవచం ఒక్కటే చాలదు

తాటిచెట్టు మనిషి వయసు చూడదు. పాతికేళ్ల కుర్రాడైనా, యాభై అయిదేళ్ల పెద్దమనిషైనా అవే అరవై, డెబ్బై అడుగులు ఎక్కాలి. కల్లు పారే రోజుల్లో పొద్దున, సాయంత్రం ఎక్కాలి. గీత తప్పితే కల్లు ఆగిపోతుంది. అందుకే మోకాళ్లు సలుపుతున్నా, చూపు మసకబారినా మోకు భుజానేసుకొని బయల్దేరక తప్పడం లేదు.

2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షక కవచం’ పేరుతో కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. దీన్ని మేము స్వాగతిస్తున్నాం. ఇది ఎవరి దయా కాదు, గీత సంఘాలు అడగ్గా అడగ్గా వచ్చింది.

అయితే కిట్టు ఏం చేస్తుందో, ఏం చేయదో సూటిగా మాట్లాడుకోవాలి. మోకు చెట్టునూ మనిషినీ చుట్టి ఉంటుంది. వెనక్కి వాలిన ఒంటి బరువే దాన్ని నిలబెడుతుంది. రెండు కాళ్లూ జారాయంటే మోకు వదులై మనిషితోపాటే కిందికొస్తుంది. కొత్త కిట్టులో నడుముకూ తొడలకూ పట్టీలుంటాయి, కాలు జారినా తాడు ఆపుతుంది. ప్రాణం దక్కుతుంది, సరే. కానీ ఎక్కేది ఆ కాళ్లే, ఆ ఊపిరే. యాభై దాటినోడికి కిట్టు వయసు తగ్గించదు.

కేరళలో కొబ్బరిచెట్లకు కాలితో తొక్కుతూ ఎక్కే యంత్రం వాడుతున్నారు కదా, అది తెప్పించండి అనేవాళ్లున్నారు. కొబ్బరి మాను సన్నగా, నున్నగా ఉంటుంది. తాటిచెట్టు మొదలు లావు, ఒళ్లంతా గరుకు. పైగా కొబ్బరి దింపు నెలా రెండు నెలలకోసారి, కల్లు గీత రోజూ. ఒక్కో చెట్టుకూ యంత్రం తగిలించి, ఊడదీస్తూ పోతే పది చెట్లు ఎప్పటికి దిగేట్టు?

కిట్టుదీ అదే చిక్కు. తగిలించుకోవడానికి టైము పడుతుంది. కల్లు అమ్ముడుపోయేది పొద్దెక్కక ముందే. ఆ తొందరలో కిట్టు ఇంట్లో వేలాడుతుంది, మనిషి పాత మోకుతోనే చెట్టెక్కుతాడు. అది అతని నిర్లక్ష్యమని అధికారులు అంటే మేము ఒప్పుకోం. కిట్టు పెట్టుకోలేదన్న సాకుతో ఎక్స్‌గ్రేషియా ఎగ్గొట్టే దారి ఎవరూ తెరవకూడదు.

మరి పెద్దవాళ్లు ఏం చెయ్యాలి? సొసైటీలో చెట్లు పంచుకునేటప్పుడే కురచ చెట్లు, ఈతచెట్లు యాభై దాటినవాళ్లకు వదలాలి. పొడుగు తాళ్లు కుర్రాళ్లు తీసుకోవాలి. ఇది సర్కారు ఇచ్చేది కాదు, మనలో మనం చేసుకోవాల్సిందే. వాన పడి మాను తడిగా ఉన్నప్పుడు, తల తిరిగినప్పుడు ఆ పూట గీత పోతే పోనీ. పోగులు లేచిన మోకు మీద మమకారం వద్దు.

ఇక పింఛను. యాభై ఏళ్లకే గీత పింఛను ఉందని ఘనంగా చెబుతారు. తెలంగాణలో 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు. 2023 ఎన్నికల్లో 4,000 ఇస్తామన్నారు. పక్క ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో 4,000 చేశారు. రెండు వేలతో చెట్టు దిగి ఇంట్లో కూచోగలిగినవాడు ఎవడో చూపించమనండి!

560 జీవో ప్రకారం సొసైటీలకు అయిదెకరాల భూమి దక్కాలి. తాటిమొక్క గీతకు రావాలంటే పదిహేనేళ్లు పైనే పడుతుంది, ఈత అంతకంటే ముందే అందుతుంది. ఇవాళ ముప్ఫై అయిదేళ్లున్నవాడికి యాభై వచ్చేసరికి చేతికందే ఎత్తులో చెట్టు ఉండాలంటే ఆ భూమిలో మొక్క ఈ వానాకాలమే పడాలి. తహసీల్దారు ఆఫీసుల ముందు సంఘాలు ముందుగా పెట్టాల్సిన డిమాండు ఇదే.