పాత కారు మరమ్మతు: నేర్చుకొనువాని హక్కు, హద్దు

గొడ్లచావడి ప్రక్కనో, ఇంటి వెనుక రేకుల పంచలోనో పాత అంబాసిడరు కారొకటి దుమ్ముపట్టి నిలిచియుండుట మన పల్లెలలో వింత కాదు. సెలవులకు వచ్చిన కుఱ్ఱవాడు దానిని తానే బాగుచేయుదునని స్పానరు చేతబట్టగనే ఆ యింట రెండు మాటలు వినవచ్చును. “చదువుకొన్నవానికి ఈ మసిపని యేల?” అనునది పెద్దల మాట. “ఇనుమే గదా! విప్పి మరల బిగించిన సరిపోవును” అనునది కుఱ్ఱవాని మాట. ఈ రెండును సరికావని మా యభిప్రాయము. కారు ముందు చక్రములను మోయు భాగములను, అనగా ముందు సస్పెన్షనును, క్రొత్తగా నేర్చువాడు తన చేతులతో బాగుచేయవచ్చును. చేయుటయే మంచిది. కాని తాను చేసిన పని బాగున్నదని తీర్పు చెప్పుకొను అధికారము మాత్రము వానికి లేదు.

ముందుగా ఆ కారు సంగతి కొంత తెలిసికొందము. ఇంగ్లండున 1956లో వెలువడిన మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును ఆధారముగా గొని హిందూస్థాన్ మోటార్స్ వారు వంగదేశమునందలి ఉత్తరపాడాలో అంబాసిడరును నిర్మింపసాగిరి. అర్ధశతాబ్దికి పైగా అది తెలుగునాట అధికారులకు వాహనముగను, పెండ్లివారికి అద్దెబండిగను సేవ చేసి, 2014లో నిర్మాణము ముగియుటతో పాతకార్ల వరుసలో చేరినది. దాని ముందు చక్రములకు చిరకాలము వాడబడినది చుట్టల స్ప్రింగు కాదు. టార్షన్ బారు అను పొడవైన ఉక్కు కడ్డీ. 1948లో వచ్చిన మోరిస్ మైనరు కారునకు అలెక్ ఇస్సిగోనిస్ కూర్చిన పద్ధతియు ఇట్టిదే. చక్రము గుంటలో పడి లేచునపుడు ఈ కడ్డీ తడిగుడ్డను పిండినట్లు మెలిపడును. మరల తన నిజస్థితికి వచ్చును. ఆ ఊపును అణచునది షాక్ అబ్సార్బరు. చక్రము ఇటునటు తిరుగుటకు కుదురైనది కింగ్ పిన్ను. కీళ్లయందు ఇనుము ఇనుమును ఒరయకుండ కాపాడునవి గ్రీజును రబ్బరు బుష్షులును.

ఈ భాగముల మరమ్మతు తక్కిన మరమ్మతుల వంటిది కాదని విద్యార్థులు గుర్తింపవలెను. ఇంజను చెడిన కారు నిలిచిపోవును; ముందు చక్రము పట్టుదప్పిన కారు నిలువదు. నరసరావుపేట నుండి పిడుగురాళ్ల, గురజాలల మీదుగా మాచర్ల పోవు బాటలో ఎదుట లారీ వచ్చుచుండగా చక్రము ప్రక్కకు వ్రాలినచో, ఆ పొరపాటు దానిని చేసినవానిని మాత్రమే శిక్షింపదు. కారులో కూర్చున్న తల్లిని, బాట ప్రక్క నడచు కూలివానిని కూడ శిక్షించును. మన తాతలు బండి కట్టునపుడు ఇరుసునకు కందెన వేసి, కడచీలను చేతితో తడవి చూచినగాని ఎద్దులను అదలించెడివారు కారు. వేగము పెరిగిన ఈ దినములలో ఆ జాగ్రత్త తగ్గుట న్యాయమా?

ఇక పెద్దల మాటకు వత్తము. మసి అంటిన చేయి చదువునకు విరోధి యని తలచుట తగదు. ఉక్కు కడ్డీ మెలితిరుగుటను గూర్చి భౌతికశాస్త్రము చెప్పు నియమమొకటి కలదు. కడ్డీ బిగువు దాని వ్యాసముయొక్క చతుర్థ ఘాతమును బట్టి యుండును. అనగా త్రుప్పు తిని కడ్డీ వ్యాసము పొడవునను పదవవంతు తగ్గినచో, బిగువు పదవవంతు కాదు, మూడవవంతునకు పైగా తగ్గిపోవును. నల్లబల్లపై ఈ లెక్క చేసిన బాలుడు దానిని మఱచిపోవచ్చును. కారు క్రింద పండుకొని త్రుప్పు గీకి కొలిచినవాడు మఱువడు. షెడ్డులో పనిచేయు పిల్లవానికి చేతి నేర్పున్నది. కారణము చెప్పువారు లేరు. బడిపిల్లవానికి కారణము తెలియును. చేతి నేర్పు లేదు. ఈ రెండు సగములును కలిసినప్పుడే విద్య పూర్ణమగును.

కుఱ్ఱవాని మాటకు మా సమాధానము ఇది. విప్పుటకు ముందు చూచుట నేర్వవలెను. టైరు ఒక అంచున మాత్రమే అరిగినదా? కారు ఒక ప్రక్కకు లాగుచున్నదా? మడ్‌గార్డును అదిమి విడిచిన పిమ్మట ఒక ఊపుతో కుదుటపడక పలుమారులు ఊగుచున్నదా? చక్రమును నేల నుండి లేపి, పైనను క్రిందను పట్టి కదలించినచో వదులు తోచుచున్నదా? తోచినచో మఱియొకరిచేత బ్రేకు త్రొక్కించి చూడవలెను. అప్పుడు కదలిక మానినచో లోపము చక్రపు బేరింగులది. మానకున్నచో కింగ్ పిన్నుదో, తక్కిన కీళ్లదో అయి యుండును. ఒక్క నట్టును విప్పకయే ఇంత తెలియును. సున్నపు బట్టీల దుమ్ము, క్వారీల దుమ్ము విస్తారముగ నున్న మన సీమలో, ఆ దుమ్ము పాత గ్రీజుతో కలిసి ఆకురాయివలె కీళ్లను అరగదీయును. కావున పాత గ్రీజును తుడిచి క్రొత్తది ఎక్కించుటయే నేర్చువాని మొదటి పాఠము కావలెను.

రెండవ పాఠము ప్రాణరక్షణము. జాకీ కారును లేపుటకే గాని నిలుపుటకు కాదు. లేపిన కారును ఇనుప స్టాండులపై నిలుపక దాని క్రిందికి తల దూర్పరాదు. ఇటుకలు నలుగును, మనకు చేరువనున్నవి గదా యని పేర్చిన నాపరాళ్లు హఠాత్తుగ పగులును. మన నల్లరేగడి నేలలో జాకీ క్రుంగును గావున గట్టినేలనే ఎన్నుకొనవలెను.

మూడవ పాఠము క్రమము. రెండు ప్రక్కలను ఒకేమారు విప్పరాదు. విప్పని ప్రక్క విప్పిన ప్రక్కకు పటముగా నుపయోగించును. విప్పుటకు ముందు చక్రపు నడిమి నుండి మడ్‌గార్డు అంచు వఱకు గల ఎత్తును కొలిచి వ్రాసికొనవలెను. కడ్డీ కొనలయందలి పండ్లు ఒక్కటి తప్పినను కారు ఒక ప్రక్కకు ఒరుగును గనుక, వానికి ఎదురెదురుగా గుర్తులు పెట్టవలెను. కుడి కడ్డీని ఎడమకు మార్చరాదు. ఏండ్ల తరబడి ఒకవైపు మెలిపడిన ఉక్కు రెండవవైపు మెలికకు ఓర్వదు. దానిపై ఉలిగాటు పడనీయరాదు. పగులు అచ్చటనే పుట్టును. రబ్బరు బుష్షుల బోల్టులను కారు తన బరువుతో చక్రములపై నిలిచిన పిమ్మటనే తుదిసారి బిగింపవలెను. లేనిచో రబ్బరు మెలిపడియే యుండి త్వరలో చినుగును. కడచీలకు సాటియైన స్ప్లిట్ పిన్నును ఒకమారు తీసిన పిదప మరల వాడరాదు. కొన్ని పైసలకై ఒక చక్రమును పణము పెట్టుట పొదుపు కాదు.

మెలికలో నున్న కడ్డీని విడిపించుట, క్రొత్త బుష్షులను కింగ్ పిన్నుకు సరిపడునట్లు తొలుచుట అను పనులను మాత్రము అనుభవజ్ఞుడైన మేస్త్రీ ప్రక్కన లేక తలపెట్టరాదు. బిగువునందున్న ఉక్కులో దాగిన బలము కంటికి కనబడదు. పాత సామానుల అంగడిలో దొరకిన ముక్కను పైకి నిగనిగలాడుచున్నదని నమ్మరాదు. ప్రమాదమున చిక్కిన కారు నుండి తీసిన చేతిలో సన్నని బీట యుండవచ్చును. బీటవాఱిన చేతిని అదుకుపెట్టించి వాడుట మఱింత ప్రమాదము.

ఇంత జాగ్రత్తతో చేసినవానికి మరల పరీక్షకుడు ఏల యని అడుగవచ్చును. చేసినవాని కన్ను తాను చేయదలచినదానిని చూచునే గాని చేసినదానిని చూడదు. అందువలననే ఏ విద్యార్థియు తన జవాబు పత్రమును తానే దిద్దుకొనడు. ఎంత తెలివిగలవాడైనను ఈ కట్టుబాటునకు లోబడుట అవమానమని తలపడు గదా! అట్లే మరమ్మతైన కారును వేఱొక మేస్త్రీ పరికించి, ప్రతి నట్టును తడవి, చక్రముల పొంతనను కొలిపించి, సరియే యనిన పిమ్మటనే బాటకు తేవలెను. అందులకగు రుసుము స్వల్పము. పరీక్ష తప్పినచో మరల విప్పుదము. సెలవులు పోవును గాని ప్రాణములు పోవు.

తలిదండ్రులకు మా విన్నపము: బిడ్డల చేతి మసిని చూచి కోపగింపకుడు; వారి తొందరను చూచి కోపగింపుడు. ఉపాధ్యాయులకు మా విన్నపము: ఏటికి ఒకదినమైనను అనుభవజ్ఞుడైన మేస్త్రీని పాఠశాలకు పిలిపించి, గౌరవముతో ఆసనమిచ్చి, మన బాలబాలికలకు ఒక చక్రమును విప్పి చూపింపుడు. విద్యార్థులకు మా మాట: నిదానమే ప్రధానమను సామెతను నోట గాక చేత నేర్చుకొనుడు. మీ పనిని ఇతరులు పరీక్షింపగోరినపుడు మీరే ముందుగ ఆ పనిని వారి యెదుట నుంచుడు. ఆ వినయము అలవడినవాడు స్పానరు పట్టినను, కలము పట్టినను నమ్మదగినవాడగును.