విజిట్ వీసా ఫోన్‌లోకి వచ్చేస్తుంది.. కానీ అది పని వీసా కాదు!

కువైట్ 2025 జులైలో ఈ-వీసా తెచ్చింది. యూఏఈ విజిట్ వీసా కూడా ఆన్‌లైన్‌లోనే వచ్చేస్తుంది. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే మహిళలకు చిక్కు ఇక్కడే ఉంది.

పదో తరగతి పాస్ కానివారికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. దానిపై గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్‌లో అనుమతి తప్పనిసరి. మహిళలకైతే 30 ఏళ్లు నిండాలి. ఇవేం అక్కర్లేదు, ముందు విజిట్‌పై వెళ్లిపో, అక్కడ మార్పిద్దాం అని ఏజెంట్లు నచ్చజెబుతుంటారు.

అలా వెళ్తే కాంట్రాక్టు ఎక్కడా నమోదు కాదు. రూ.10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. జీతం ఆపేస్తే అడగడానికి కాగితం ముక్క కూడా మిగలదు. గడువు దాటితే జరిమానా అదనం. అందుకే డబ్బులు కట్టే ముందే చూసుకోవాలి.. వీసా మీద 'విజిట్' అని ఉందా, 'వర్క్' అని ఉందా?