చంటిబిడ్డకు కారులో చోటెక్కడ?

ఈమధ్య నాకు వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న పదే పదే కనిపిస్తున్నది. పుట్టింట్లో పురుడు పోసుకున్న అమ్మాయి అయిదో నెలలో బిడ్డతో అత్తవారింటికి బయలుదేరుతుంది. అల్లుడుగారు కారులో బిడ్డకు వేరే సీటు బిగిద్దామంటారు. తల్లి ఒడి ఉండగా ఆ ప్లాస్టిక్ తొట్టె దేనికి, పసిగుడ్డును పట్టీలతో కట్టేస్తారా అని పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. మధ్య ఆ పిల్ల ఎవరి మాట వినాలో తెలియక సతమతమవుతుంది.

ఒడి గొప్పతనాన్ని కాదనేవాళ్ళెవరు? తెలుగు పాఠాలు చెప్పుకునే నేనైతే అసలు కాదనలేను. కాని ఒడి నిలకడగా ఉన్నచోట మంచిది. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ దేన్నో గుద్దుకుని అర మీటరులో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో లోపలున్న ప్రతి ప్రాణీ తన బరువుకు దాదాపు ఇరవై రెట్ల బలంతో ముందుకు విసురుకుపోతుంది. బిడ్డ 7 కిలోలుంటే తల్లి చేతులు ఆపవలసింది 140 కిలోలను. అంటే, అయిదు పాతిక కిలోల బియ్యం బస్తాలకంటె ఎక్కువే! గుండెలో ఎంత ప్రేమ ఉన్నా చేతుల్లో అంత బలం ఉండదు కదా. ఇక తల్లి తాను బెల్టు పెట్టుకోకపోయినా, తల్లీబిడ్డలకు కలిపి ఒకే బెల్టు చుట్టినా మరీ ప్రమాదం. ఆమె బరువే బిడ్డను నలిపేస్తుంది.

ఈ తర్జనభర్జన మన ఇళ్ళలోనే పుట్టింది కాదు. అమెరికాలో అన్నిటికంటె ముందు పిల్లల సీటును తప్పనిసరి చేసిన రాష్ట్రం టెనెసీ. ఆ చట్టం 1978లో అమలులోకి వచ్చింది. అందులోనూ, పెద్దవాళ్ళ చేతుల్లో ఉన్న బిడ్డకు సీటు అక్కరలేదని ఒక మినహాయింపు దూరింది. చట్టంకోసం పాటుపడిన పిల్లల డాక్టరు రాబర్ట్ సాండర్స్ దాన్ని ఒప్పుకోలేదు. చివరకు 1981లో ఆ మినహాయింపును తొలగించారు. మన దేశంలో 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం, 14 ఏళ్ళు నిండని పిల్లలకు బెల్టుగాని, తగిన సీటుగాని లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అటుంచండి. ఈ సీట్లు వాడితే చంటిపిల్లల మరణాలు 71 శాతం దాకా తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మనకు కావలసింది ఆ లెక్క.

సీటు కొనేటప్పుడు రంగునూ, మెత్తదనాన్నీ చూసి మురిసిపోకండి. బిడ్డ బరువుకూ, పొడుగుకూ సరిపోయేదేనా అని చూడండి. భారతీయ ప్రమాణం ఎఐఎస్ 072 గాని, గుండ్రని గీతలో ఇంగ్లీషు 'ఇ' అక్షరమున్న ఐరోపా ముద్రగాని ఉన్నదేమో వెదకండి. వీలైతే దుకాణం దగ్గరే మీ కారులో బిగించి చూసుకోండి. ఉయ్యాల ఒక ఇంటినుంచి మరో ఇంటికి వెళ్ళడం మన ఆచారమే. కారు సీటు విషయంలో మాత్రం ఆ పొదుపు వద్దు. ఒకసారి ప్రమాదంలో దెబ్బతిన్న సీటు పైకి బాగానే కనిపిస్తుంది, అవసరానికి విరుగుతుంది. దాని చరిత్ర మీకు పూర్తిగా తెలిస్తేనే తీసుకోండి.

చంటిబిడ్డ కారు వెనక అద్దంవైపు ముఖం పెట్టి కూర్చోవాలి. పుట్టిన బిడ్డ పొడుగులో దాదాపు నాలుగో వంతు తలే. మెడ ఇంకా లేతది. ముందుకు తిరిగి ఉంటే తల విసురు మెడమీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే ఆ తాకిడిని సీటు వీపంతటికీ పంచిపెడుతుంది. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసరు వ్యోమగాముల ఆసనాలను చూసి 1960లలో ఈ ఆలోచన చేశారు. ఐరోపా కొత్త నిబంధన ప్రకారం కనీసం 15 నెలలు ఇలాగే కూర్చోబెట్టాలి. సీటు అనుమతించినంత కాలం ఇలాగే ఉంచమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో సలహా ఇచ్చింది. కాళ్ళు మడుచుకున్నాడే అని బెంగపడకండి, బాసీపట్టు వేసుకోవడం పిల్లలకు సుఖమే.

సీటును వెనక సీటులోనే బిగించాలి. ఎయిర్‌బాగ్ పనిచేస్తున్న ముందు సీటులో, వెనక్కి తిరిగిన సీటును ఎన్నడూ పెట్టకూడదు. ఎయిర్‌బాగ్ విచ్చుకునే దెబ్బకే బిడ్డ ప్రాణం పోవచ్చు. బిగించాక, బెల్టు దూరేచోట పట్టుకుని కదిపితే అంగుళానికి మించి కదలరాదు. బిడ్డ భుజంమీది పట్టీని వేళ్ళతో గిల్లి చూడండి, మడత చేతికి రాకూడదు. పట్టీల కింద దుప్పటి చుట్టకండి. చలిగా ఉంటే పట్టీలు పెట్టాక పైన కప్పండి. మన ఎండలకు లోహపు బకిల్ నిప్పులా కాలుతుంది, ముందు చేత్తో తాకి చూడండి. ఆగి ఉన్న కారులో బిడ్డను ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకండి.

వెనక్కి తిరిగే సీటుకు మించి ఎదిగిన పిల్లవాణ్ణి ముందుకు తిప్పి, పట్టీలున్న సీటులోనే ఉంచాలి. ఆ తరువాత ఎత్తు సీటు. నడుము బెల్టు పొట్టమీదికి రాకుండా తొడలమీద, పై బెల్టు మెడకు తగలకుండా భుజం మధ్యన ఆనేదాకా, అంటే దాదాపు 145 సెంటీమీటర్ల పొడుగు వచ్చేదాకా, అది అవసరం.

బిడ్డ ఏడిస్తే ఏం చేయాలని అడుగుతారు. నడుస్తున్న కారులో మాత్రం పట్టీలు విప్పకండి. కారును రోడ్డు పక్కన భద్రమైన చోట ఆపించి, పాలిచ్చి, భుజాన వేసుకుని తట్టి, మళ్ళీ కూర్చోబెట్టండి. ఏడవకపోయినా రెండు గంటలకొకసారి ఆగి బిడ్డను బయటికి తీయడం మంచిది. ప్రయాణానికి వారం ముందే సీటు తెచ్చి, ఇంట్లో కాసేపు కూర్చోబెట్టి అలవాటు చేయండి. పట్టీ గిల్లి చూసే పని అత్తగారికే అప్పగించండి. కట్టేస్తున్నారని నొచ్చుకున్న ఆవిడే, ఇంకొంచెం బిగించమంటారు.